ఇంటివి ఆఖరున

దర్జీ ఇంట్లోనే చిరుగులు ఎక్కువ. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఈ మాట అంటే నవ్వాను. అది నవ్వించడానికి అన్న మాట కాదని తర్వాత తెలిసింది. బయటివాళ్ళవి ముందు, ఇంటివి ఆఖరున. అది ఆయన నియమం. బయటివాళ్ళ పని ఎప్పుడూ ఉండేది కాబట్టి మా వంతు ఎప్పుడూ వచ్చేది కాదు.

నేను బడిలో నాలుగో తరగతికి చెబుతాను. నా సంచి పట్టీ తెగి చాలా కాలమైంది. ముడివేసి భుజాన తగిలించుకుంటాను. "టీచర్, మీ ఇంట్లోనే మిషనుందట కదా!" అని ఏటా కొత్త పిల్లల్లో ఎవరో ఒకరు అడుగుతారు.

"ఉంది. వరసలో ఉన్నాను," అంటాను.

మా ముందుగదే దుకాణం. వీధివైపు కిటికీ కింద మిషను, దాని పక్కన కత్తిరింపుల బల్ల, గోడ పొడుగునా కర్రకి వేలాడే బడి యూనిఫాములు. వెనకగదిలో మా కాపురం. రెండు గదులకీ మధ్య ఒక తెర. మా అమ్మాయి ఆ తెరకి అటూ ఇటూ దూరుతూ పెరిగింది. నడక రాకముందు మిషను కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరేది. కాస్త చెయ్యి తిరిగాక వాళ్ళ నాన్న దానికొక పని అప్పగించాడు. కుట్లు విప్పడం.

ఆ పని చూసినంత తేలిక కాదు. బ్లేడు పెట్టి పరపరా కోస్తే గుడ్డ పాడవుతుంది. లోపలివైపు ఇక్కడో కుట్టు, అక్కడో కుట్టు కత్తిరించుకుంటూ పోయి, పైవైపు దారం కొస పట్టుకుని ఓపిగ్గా లాగాలి. చెయ్యి కుదిరితే దారం మొత్తం ఒకే పోగుగా వచ్చేస్తుంది. గుడ్డకి తెలియను కూడా తెలియదు. అలా వచ్చిన దారాన్ని గాల్లో ఆడించి, "నాన్నా, పాము!" అని గంతులు వేసేది. మెళ్ళో ఎప్పుడూ దారాలు తుంచే బుల్లి కత్తెర వేలాడుతూ ఉండేది. నోటికీ ఆ పదునే ఉండేది. అందుకని ఆయన దాన్ని 'కత్తెరా' అని పిలిచేవాడు. వీధంతా అదే పేరు ఖాయం చేసేసింది.

సైన్యంలో ఆడపిల్లల్ని పోరాడే దళాల్లోకి తీసుకోవడం అప్పుడే మొదలైంది. అంతకుముందు ఆస్పత్రుల్లోనో, ఆఫీసుల్లోనో, వైర్‌లెస్ సెట్ల దగ్గరో ఉండేవాళ్ళు. మా అమ్మాయి చేరతానన్నప్పుడు నేను ఒకటే అడిగాను.

"ఆఫీసులోనా?"

"కాదమ్మా. మట్టిలో."

పక్క దుకాణంలో వాచీలు బాగుచేసే ఆయనకి ఈ సంగతి మింగుడుపడలేదు. కంటికి భూతద్దం తగిలించుకునే మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం బావా, ఆడపిల్ల చేతికి సూది ఇవ్వాలి గానీ తుపాకీ ఏమిటయ్యా?"

"సూదే ఇచ్చాను బావా. ఇంకాస్త పెద్దది కావాలంది," అన్నాడు మా ఆయన, మిషను ఆపకుండా.

"రేపు పెళ్ళికొడుకు దొరకద్దూ?"

తెర వెనకనుంచి అది అందుకుంది. "దొరక్కపోతే పట్టుకొస్తాను మామయ్యా. అక్కడ నేర్పేది అదేగా!"

ఆయన నోరు తెరిచాడు. భూతద్దం జారి చొక్కా జేబులో పడింది.

శిక్షణయ్యాక దానికి మెషిన్‌గన్ అప్పగించారు. దళంలో అన్నిటికన్నా బరువైన ఆయుధం. ఫోన్లో వాళ్ళ నాన్నతో, "మనిద్దరిదీ మిషను పనే నాన్నా. నాది కాస్త చప్పుడెక్కువ," అనేది. నాతో ఆ సంగతులు తక్కువ. నేను భోజనం గురించి అడిగేదాన్ని, అది బడి గురించి అడిగేది. ఒకర్నొకరు భయపెట్టుకోకుండా మాట్లాడ్డం ఇద్దరం బాగా నేర్చుకున్నాం.

తర్వాతి సెలవుకి వచ్చినప్పుడు, సంచి అడుగునుంచి బులెట్‌ప్రూఫ్ జాకెట్ తొడుగు తీసి బల్లమీద పరిచింది. లోపలి ఇనప పలకలు అక్కడే వదిలి, స్టోరులో ఎవర్నో బతిమాలి గుడ్డ మాత్రం తెచ్చుకుంది. మగవాళ్ళ కొలతలకి కుట్టిన జాకెట్ అది. ఆడవాళ్ళ కొలతకి వేరే తయారు చెయ్యాలని అప్పటికి ఎవరికీ తట్టలేదు. బోర్లా పడుకుంటే ముందు పలక గడ్డానికి తన్ని, హెల్మెట్ కళ్ళమీదికి దిగేదట. భుజాలు వెడల్పై తుపాకీ మడమ భుజానికి కుదురుగా ఆనేది కాదట. అన్నిటికన్నా, చేతులు ఎత్తితే చంకల కింద కాపాడాల్సిన మెత్తలు కిందికి జారి, సరిగ్గా అక్కడే ఖాళీ తెరుచుకునేదట.

"ఫిర్యాదు చెయ్యకపోయావా?" అన్నాను.

"చేస్తే ఏమంటారో తెలుసా అమ్మా? ఆడవాళ్ళకి జాకెట్ సరిపోలేదనరు. ఆడవాళ్ళే దీనికి సరిపోరంటారు."

మా ఆయన అప్పటికే టేపు మెళ్ళో వేసుకున్నాడు. ఇనప పలకల బదులు పెట్టడానికి ఏమైనా కావాలంటే, బడి అటకమీద పడి ఉన్న పాత రాతపలకలు రెండు తెచ్చి ఇచ్చాను. అవి లోపల దోపి, జాకెట్ అమ్మాయికి తొడిగి, నేలమీద బోర్లా పడుకోబెట్టి, చీపురుకర్ర చేతికిచ్చాడు.

"గురి చూడు."

"ఎవర్ని?"

"వాచీల మామయ్యని. ఊపిరి పీల్చు. వదులు. అటు తిరుగు. నవ్వితే కొలత మారుతుందే, నవ్వకు!"

కర్రకి వేలాడుతున్న యూనిఫాములు పక్కకి నెట్టి ఆయన దీనిమీద కూర్చోవడం చూసి ఊరుకోలేకపోయాను. "ఇంటివి ఆఖరున అన్నారు?"

"ఇది ఇంటిది కాదు టీచరమ్మా. సర్కారుది," అన్నాడు.

భుజాలు లోపలికి మడిచాడు. కాన్వాసుని రెండు మడతలు పెట్టి, ఆకు ఆకారంలో ముక్కలు కోసి, చంకల కింద కుట్టి, జారే మెత్తలు పైకి అంటిపెట్టుకుని ఉండేలా చేశాడు. అమ్మాయి అది మళ్ళీ వేసుకుని, చేతులెత్తి, వంగి, పాకి, గది చుట్టూ రెండుసార్లు గెంతింది. ఆ సెలవులోనే దాని ఇంటి చొక్కా ఒకటి తలుపు గడియకి తగులుకుని అంచు చిరిగింది. బల్ల కొసన పెట్టి, "తీరికైనప్పుడు, నాన్నా," అని వెళ్ళింది. అది అక్కడే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఫోను చేసింది. దళంలో తక్కిన ఆడపిల్లలు కూడా కావాలంటున్నారట. ఆయన కాన్వాసు ముక్కలు కోసి పంపాడు. అది తీరిక దొరికినప్పుడల్లా చేత్తో కుట్టి ఇచ్చింది.

ఒక ఉదయం ఇద్దరు అధికారులు వచ్చారు. ఒకామె, ఒకాయన. ఆమె చెప్పింది. బాంబు ముక్క తగిలిందనీ, ఆలస్యం కాలేదనీ చెప్పింది. ఆలస్యం కాలేదంటే, ప్రాణం వెంటనే పోయిందని నాకు కాస్త ఆగి అర్థమైంది.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "ఎక్కడ తగిలింది?"

ఆమె ఆ చోటు పేరు చెప్పబోయింది.

"ఒంట్లో ఎక్కడమ్మా?"

ఆమె తటపటాయించి, తన ఎడమ చంక కింద చెయ్యి పెట్టుకుని చూపించింది.

ఆయన తల ఊపాడు. వాళ్ళకి కుర్చీలు వేశాడు. వాళ్ళు వెళ్ళాక మిషను మీద పాత దుప్పటి కప్పాడు. మర్నాడు యూనిఫాములన్నీ ఎవరివి వాళ్ళకి, కుట్టనివి కుట్టనట్టే, ఇచ్చేశాడు.

చాలా రోజుల తర్వాత ఒకసారి, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, "సూది గుచ్చితే చిల్లే కదా," అన్నాడు.

"మీరు గుచ్చింది కాన్వాసుకి. మెత్తకి కాదు."

"మెత్తని పైకి లాగాను. లాగితే ఎక్కడో పలచబడుతుంది."

నేను ఇంకేదో అన్నాను. ఆయన వినలేదు. ఆ తర్వాత ఆ ఊసు మళ్ళీ రాలేదు. నేను అడిగితే కోపమైనా వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. పొద్దున్న లేచి ముందుగదిలో కూర్చునేవాడు. కిటికీ తెరిచేవాడు కాదు. మేము ఆ ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం అనడం కన్నా, ఒక్కొక్కళ్ళం ఉండేవాళ్ళం అనడం సరైన మాట.

ఇన్నేళ్ళూ తెర ఇవతల కూర్చుని పిల్లల రాతలు దిద్దినప్పుడు నా చెయ్యి ఆ మిషను చప్పుడుతో పాటే కదిలేదని, అది ఆగాక తెలిసింది. ఎర్ర పెన్ను కాగితం మీద పెట్టి, ఏ మాట దగ్గర ఉన్నానో మరిచిపోయేదాన్ని. చప్పుడు లేని ఇంట్లో చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చేది.

బళ్ళో నేను గదిలోకి వెళితే మాటలు తగ్గేవి. హెడ్మాస్టరు గారు దాని ఫోటో వరండాలో పెట్టించారు. మంచి ఉద్దేశంతోనే పెట్టించారు. ఆ దారిన రోజూ నడవాల్సింది నేనని ఆయనకి తోచలేదు. ఒకనాడు ముందు బెంచీలో పిల్ల చెయ్యెత్తి, "టీచర్, ఆ అక్క ఎవర్నయినా చంపిందా?" అని అడిగింది. "నాకు తెలీదమ్మా. నేను అడగలేదు," అన్నాను. అది నిజం. అడిగి ఉంటే అది చెప్పేదో లేదో. దాని పని ఏమిటో వాళ్ళ నాన్నకి కొలతల్లో తెలుసు. నాకు తెలిసింది భోజనం వేళకి పెడుతున్నారని.

'పొడుగు' ఒక రోజు బడి వదిలే వేళకి వచ్చింది. గేటు దగ్గర పిల్లలందరి తలల మీదుగా ఒక తల కనిపించింది. యూనిఫాంలో లేదు. అయినా పోల్చుకున్నాను. మా అమ్మాయి ఫోన్లో చెప్పే కబుర్లలో 'పొడుగు' పేరు రాని రోజు లేదు. మెషిన్‌గన్‌కి గుళ్ళ పట్టీ అందించేది ఈ అమ్మాయే. 'ఈ పొడుగు కాళ్ళు పట్టాలంటే మా గుంట ఇంకో గజం తవ్వాలమ్మా' అని నవ్వేది.

"పిన్నీ," అంది. ఎప్పుడూ చూడకపోయినా అలాగే పిలిచింది. "ముందు మీ దగ్గరికే వచ్చాను. బాబాయ్ దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు."

ఖాళీ అయిన తరగతి గదిలోకి తీసుకెళ్ళాను. నాలుగో తరగతి బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. లేచి కుర్చీలో కూర్చోమన్నాను. వద్దంది. బల్లమీద పిల్లలు చెక్కిన గీతల్ని వేలితో రాస్తూ చెప్పింది.

వాళ్ళ దగ్గరికి తనిఖీకి ఒక కొత్త అధికారి వచ్చాడట. సర్కారు జాకెట్లకి సొంత కుట్లు ఉండకూడదని రూలు ఉందట. అన్నీ విప్పమన్నాడు.

"చెడ్డవాడు కాదు పిన్నీ. రూలు చదివాడు, అంతే. మేము ముగ్గురం గొడవ చేద్దామన్నాం. కత్తెరే వద్దంది. 'రేపటికల్లా ఆడవాళ్ళు జాకెట్ కూడా మొయ్యలేకపోతున్నారని రాస్తారు. ఆయన్ని వెళ్ళనివ్వండి, మళ్ళీ కుడతాను,' అంది. మమ్మల్ని చెయ్యి పెట్టనివ్వలేదు, గుడ్డ చింపేస్తామని. అందరివీ తనే విప్పింది. ముక్కలన్నీ డబ్బాలో దాచింది. ఆయన వెళ్ళగానే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది."

అక్కడ ఆగింది. నేను అడగలేదు. ఆ తర్వాత ఏం వస్తుందో నాకు అప్పటికే తెలిసిపోయింది. నేను ఆ ఇంటిదాన్ని.

"నాది మొదట కుట్టింది," అంది. "నా పక్కనే పడుకుంటుంది కదా, నేను ముందు నీది కుట్టుకోవే అన్నాను. 'దర్జీ ఇంట్లో అలా చెయ్యరు' అంది. నాది, తర్వాత తక్కిన ఇద్దరివీ. తనది సూదిలో దారం ఎక్కించి పక్కన పెట్టుకుంది. అప్పుడే బయల్దేరమని పిలుపొచ్చింది."

కిటికీ బయట ఆయా వరండా ఊడుస్తోంది. చీపురు చప్పుడు మా గది దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

"బాబాయ్ ఏమనుకుంటున్నారు?" అని అడిగింది.

"తన కుట్టు వల్ల పోయిందనుకుంటున్నారు."

"అయ్యో! కుట్టు ఉండుంటే..." అని, నా మొహం చూసి ఆపేసింది.

అంతసేపూ నేను లెక్క కడుతున్నది అదే. కుట్టు తప్పు కాదని చెప్పాలంటే కుట్టు లేదని చెప్పాలి. ఎందుకు లేదని ఆయన అడుగుతాడు. విప్పిందంటే, మళ్ళీ ఎందుకు కుట్టుకోలేదని అడుగుతాడు. దానికి జవాబు ఒక్కటే. ఆ జవాబు ఆయన నేర్పిన మాట. ఒక భారం దించి ఇంకొకటి ఎత్తడమే అవుతుంది. రెండిట్లో ఏది తక్కువ బరువో నాకు తెలియలేదు.

"ఆయన దగ్గర ఒక్క మాటే చెప్పు," అన్నాను. "జాకెట్‌కి బాబాయ్ చేసిన పనిలో లోపం లేదని చెప్పు. అంతకన్నా వద్దు."

"నాకు అబద్ధం చెప్పడం రాదు పిన్నీ."

"అబద్ధం కాదు. తక్కువ చెప్పడం."

తల ఊపింది. నేను పాఠం అప్పజెప్పించుకున్నట్టు ఆ వాక్యం ఒకసారి నాకు చెప్పి చూపించింది. తర్వాత తన సంచిలోంచి ఒక గుండ్రటి రేకు డబ్బా తీసింది. మా అమ్మాయి కుట్టు డబ్బా. సామాను ఇంటికి పంపేటప్పుడు ఇది పంపడానికి చేతులు రాలేదంది. అది తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను. ముడి ఒకసారి బిగించి లేచాను.

ఇంటికి నడిచాం. వాచీల ఆయన దుకాణం మెట్టుమీద నిలబడి తలెత్తి చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? గోడగడియారం దించడానికి నిచ్చెన వెతుకుతున్నాను, దేవుడే పంపాడు!"

పొడుగు నవ్వి, లోపలికి వెళ్ళి, గడియారం దించి చేతిలో పెట్టింది. ఆమె ఎవరో నేను చెప్పాను. ఆయన గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని, "మా కత్తెర స్నేహితురాలా," అన్నాడు. మేము గుమ్మం ఎక్కేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

మా ఆయన ఆమెని చూసి లేచాడు. "పొడుగువి నువ్వేనా?"

"నేనే బాబాయ్."

"అది చెప్పినదాని కన్నా తక్కువే ఉన్నావు. కూర్చో."

కత్తిరింపుల బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా దుప్పటి కప్పిన మిషను. దానివైపు చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించినా చూసింది. నేను టీ పెట్టడానికి తెర అవతలికి వెళ్ళాను. స్టౌ వెలిగించి వింటూ నిలబడ్డాను.

"బాబాయ్, మీరు జాకెట్‌కి చేసిన పనిలో లోపం లేదు." బళ్ళో చెప్పినట్టే, ఒక్క మాట తేడా లేకుండా.

ఆయన కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "టీచరమ్మ నేర్పిందా?" అన్నాడు.

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"దాని సామాను వచ్చింది. బట్టలు, బూట్లు, దువ్వెనతో సహా వచ్చాయి. కుట్టు డబ్బా రాలేదు. అది డబ్బా విడిచి ఉండే మనిషి కాదు. అది ఎక్కడుందమ్మా?"

ఆమె ఏ చూపు చూసిందో తెర ఇవతల ఉన్నా నాకు తెలిసింది. ఇద్దరూ నా కోసం ఎదురుచూస్తున్నారు. లేదని చెప్పచ్చు. పోయిందని చెప్పచ్చు. ఆయన నమ్మేవాడు, లేదా నమ్మినట్టు ఉండేవాడు. తర్వాత మేము ఇద్దరం ఆ ఇంట్లో, ఆయన తన తప్పుతో ఒక గదిలో, నేను నా డబ్బాతో ఇంకో గదిలో, ఎంతకాలమైనా ఉండగలం. ఉండటం మాకు బాగా అలవాటైంది. దానికే నాకు భయం వేసింది.

స్టౌ ఆర్పి, సంచిలోంచి డబ్బా తీసి, ముందుగదిలోకి వెళ్ళి బల్లమీద ఆయన ముందు పెట్టాను.

మూత గోటితో తీశాడు. బుల్లి కత్తెర. ఆకు ఆకారంలో కాన్వాసు ముక్కలు రెండు, ఒకదానిమీద ఒకటి. దారం ఎక్కించిన సూది పై ముక్కకి గుచ్చి ఉంది. అడుగున వేలికి చుట్టి తీసినట్టు చుట్టిన పాత దారం. ఆయన ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తెరిచాడు. చాలా రోజుల తర్వాత ఆ గదిలోకి వీధి వెలుతురు పడింది. ముక్క అంచు వేలితో తడిమాడు. చుట్టిన దారాన్ని విప్పి లాగి చూశాడు. అది ఎక్కడా తెగకుండా ఆయన చెయ్యి బారునా వచ్చింది.

"పాము," అన్నాడు.

ఇంకాసేపు చూసి, "చిరిగింది కాదు. విప్పింది," అన్నాడు. "ఎవరు విప్పమన్నారు?"

పొడుగు చెప్పింది. నాకు చెప్పినంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన దారాన్ని మళ్ళీ వేలికి చుడుతూ ఉన్నాడు.

"ఆయన వెళ్ళాక మళ్ళీ కుట్టిందా?"

"కుట్టింది బాబాయ్. నాదీ, తక్కిన ఇద్దరిదీ."

"చేత్తోనా? ఎంత దగ్గరగా వేసింది?"

ఆమె చూపుడువేలి గోటిమీద బొటనవేలితో కొలిచి చూపించింది. "ఇంతింత."

"బాగా దగ్గర," అన్నాడు. "నిలిచిందా?"

"నిలిచింది. ఆ రోజు నా వీపు నిండా మట్టి, రాళ్ళు పడ్డాయి. ఒక్క కుట్టు కదల్లేదు."

"దానిది?"

ఆమె నావైపు చూసింది. నేను ఆయనవైపు చూశాను. ఆయన ఎవరివైపూ చూడలేదు.

"ఆఖరున," అన్నాడు, తనే.

పొడుగు మోచేతులు బల్లమీద ఆనించి మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆ పొడుగు వీపు ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఆయన లేచి వచ్చి, తలమీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, ఆమె భుజం కుట్టు దగ్గర వేళ్ళు పెట్టాడు. దర్జీలు కొలత సరిచూసేటప్పుడు పెట్టినట్టు.

"నీ తప్పు కాదే తల్లీ. నాది కూడా..." అని ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. చేస్తాడేమోనని చూశాను. చెయ్యలేదు. "టీ తాగి వెళ్ళు," అన్నాడు.

ఆమె టీ తాగింది. చీకటి పడకముందే బస్సు ఉందని వెళ్ళింది. వీధి మలుపు దాకా ఆయనా వెళ్ళాడు. తిరిగి వచ్చి డబ్బా మూత పెట్టాడు. కిటికీ మాత్రం మూయలేదు.

మర్నాడు పొద్దున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. మొదట అది ఏ చప్పుడో తెలియలేదు. అంత తెలిసిన చప్పుడు.

తెర పక్కకి జరపకుండా, సందులోంచి చూశాను. దుప్పటి మడతపెట్టి కుర్చీమీద ఉంది. కత్తిరింపుల బల్లమీద మా అమ్మాయి ఇంటి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి ఉంది. చిరిగిన అంచు ఎక్కడుందో కనిపించలేదు. దానిమీద బుల్లి కత్తెర. నా పుస్తకాలు, ఎర్ర పెన్ను, ఖాళీ టిఫిన్ డబ్బా బల్లకి ఒక పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన నా బడి సంచిని మిషను సూది కింద పెట్టి, పట్టీ కుడుతున్నాడు. విప్పిన ముడి ముడతలు ఇంకా దానిమీద ఉన్నాయి. వాటిని బొటనవేలితో సాపు చేసుకుంటూ, మెల్లగా కుడుతున్నాడు.

కిటికీలోంచి వాచీల ఆయన తల పెట్టాడు. చేతిలో ఒక ప్యాంటు.

"మొదలుపెట్టావా బావా! చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చాను. ఈ నడుం కాస్త..."

"ఆగు బావా," అన్నాడు మా ఆయన, తలెత్తకుండా. "వరస ఉంది."

ఆయన ఆ ప్యాంటుని గుండెకి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బల్లమీద చొక్కా చూశాడు. వెళ్ళిపోయాడు.

నేను మొహం కడుక్కుని, తయారై, కాస్త చప్పుడు చేసి తెర తీశాను. సంచిలో పుస్తకాలు తనే సర్ది నాకు అందించాడు. భుజాన తగిలించుకున్నాను. పట్టీ కుదిరింది. ఆయన రెండు వేళ్ళతో భుజం దగ్గర ఒకసారి లాగి చూసి వదిలాడు.

"బిగువుగా ఉందా?"

"లేదు. సరిగ్గా ఉంది."

"ఊఁ," అన్నాడు.

నేను వీధి దాటుతుంటే వెనక మిషను మళ్ళీ మొదలైంది. తర్వాత ఏది తీసుకున్నాడో తెలియదు. ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి. ఊడిన గుండీలు, అతుకు పడాల్సిన దిండుగలీబులు, చిరిగిన తెర అంచు. బడి దాకా నడుస్తూ, అలవాటు కొద్దీ ముడి కోసం భుజమ్మీద చెయ్యి పెట్టుకున్నాను. చదునుగా, నున్నగా, దగ్గర దగ్గర కుట్లు తగిలాయి. గేటు వచ్చేదాకా చెయ్యి అక్కడే ఉంచుకున్నాను.